పారేసే ముందు ఒక్కసారి విప్పి చూడండి



పొద్దుటి నుంచి మీరు కవిత్వం విన్నారు, నాట్యం చూశారు, పిల్లల కాలేజీ చదువుల గురించీ పెట్టుబడుల గురించీ పెద్దలు చెప్పిన మాటలు విన్నారు. ఇప్పుడు నేను లాన్ మోవర్ల గురించి మాట్లాడబోతున్నాను. లేచి వెళ్ళదలచుకున్నవాళ్ళు మొహమాటపడక్కర్లేదు, కాఫీ పక్క హాల్లోనే ఉంది. కూర్చున్నవాళ్ళకి మాత్రం ఒక హామీ ఇస్తున్నాను. ఈ ప్రసంగం పూర్తయ్యేసరికి మీ గరాజులో మూలపడి ఉన్న మిషను బతికి ఉందో లేదో మీరే తేల్చుకోగలుగుతారు.

మేముండేది వర్జీనియాలో, హెర్న్‌డన్‌లో. శని, ఆదివారాల్లో మా గరాజే నా వర్క్‌షాపు. స్టెర్లింగ్ నుంచీ, యాష్‌బర్న్ నుంచీ, చాంటిలీ నుంచీ మనవాళ్ళు పాత లాన్ మోవర్లు, మట్టి తిరగేసే టిల్లర్లు, మంచు ఊడ్చే మిషన్లు తెస్తూ ఉంటారు. ఏప్రిల్ నెల వచ్చిందంటే, చెత్తబండి వచ్చే రోజున రోడ్డు పక్కన ఏదో ఒక లాన్ మోవరు కనిపిస్తుంది. ‘ఫ్రీ’ అని కాగితం కూడా అంటించి ఉంటుంది. అలాంటివి చాలా తెచ్చి విప్పాను. నా అనుభవంలో నిజంగా చచ్చిపోయినవి బహు తక్కువ. ఎక్కువ వాటికి వచ్చిన జబ్బు ఒక్కటే, దానికి వైద్యం గంటసేపు. ఆ గంట గురించే నా మాటలు.

మన ఊళ్ళలో గడ్డి కోసేది గేదె కోసం. గట్ల మీద కొడవలితో కోసి, మోపు కట్టి, నెత్తిన పెట్టుకుని తెస్తే గేదె తిని పాలిచ్చేది. ఇక్కడ మనమే గడ్డికి ఎరువు వేసి, నీళ్ళు పెట్టి, తీరా పెరిగాక కోసి సంచుల్లో పోసి పారేస్తాం. కొయ్యకపోతే ఊరుకోరు. ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలో అరెకరం లోపు ఇంటిస్థలాల్లో గడ్డి 12 అంగుళాలు దాటకూడదని నిబంధనే ఉంది. అందుచేత ఇల్లు కొన్న ప్రతి తెలుగువాడూ ఆ వేసవిలోనే లాన్ మోవరు కూడా కొంటాడు. దాన్ని మాత్రం పరాయిదానిగానే చూస్తాడు. నిజానికి దానికీ మన ఊళ్ళకీ ఒక చుట్టరికం ఉంది.

లాన్ మోవరును కనిపెట్టింది ఎడ్విన్ బడింగ్ అనే ఇంగ్లీషు మెకానిక్కు. గ్లాస్టర్‌షైర్‌లోని స్ట్రౌడ్ దగ్గర ఉన్ని బట్టల మిల్లులుండేవి. నేసిన బట్ట మీద లేచిన నూగును సమంగా కత్తిరించే యంత్రాన్ని చూసి, గడ్డిని కూడా ఇలాగే కత్తిరించవచ్చు కదా అనుకున్నాడు. 1830లో పేటెంటు పుచ్చుకున్నాడు. తరవాత దగ్గరలోనే ఉన్న డర్స్లీ అనే ఊరికి వెళ్ళి జార్జ్ లిస్టర్ అనే ఆయనతో కలిసి పనిచేశాడు. ఆ జార్జ్ లిస్టర్ కొడుకు రాబర్ట్ ఆష్టన్ లిస్టర్ 1867లో సొంతంగా ఒక కంపెనీ పెట్టాడు. ఈ లిస్టర్ అన్న పేరు వినగానే మన సభలో తెల్లజుట్టు వాళ్ళకి ఏదో గుర్తు రావాలి. అవును, ఆ లిస్టరే. బావుల మీద, రైసుమిల్లుల్లో డుగ్ డుగ్ మంటూ నిమిషానికి 650 చుట్లు తిరిగే ఆయిలింజను ఆ కంపెనీదే. తరవాత గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో అదే నమూనాతో వేలకొద్దీ తయారుచేశారు. 1946లో పుణేలో కిర్లోస్కర్ ఆయిల్ ఇంజన్స్ మొదలయ్యాక ఆ పేరూ మన పొలాల్లో ఇంటిపేరులాగే అయిపోయింది. కరెంటు మోటార్లు రాకముందు ఎన్ని చేలు తడిసింది ఆ ఇంజన్ల పుణ్యమే.

మీ గరాజులో ఉన్నది ఆ ఆయిలింజనుకు పెట్రోలు తాగే చిన్న తమ్ముడు. పీల్చడం, నొక్కడం, మండించడం, బయటికి వదలడం అని రెండింటికీ నాలుగే అడుగులు. ఆయిలింజనులో గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే డీజిలు అంటుకుంటుంది. లాన్ మోవరులో నిప్పురవ్వ కావాలి. తేడా అంతే.

ఇక వైద్యం సంగతి. ఇంజను తిరగాలంటే మూడు కావాలి: నిప్పు, తిండి, ఊపిరి. నిప్పంటే స్పార్కు. తిండంటే పెట్రోలు. ఊపిరంటే గాలీ, ఆ గాలిని నొక్కి పట్టే బిగువూ. ఈ మూడింటినీ వరసగా ఒక్కొక్కటే చూడాలి. ఒకేసారి నాలుగు సామాన్లు కొనుక్కొచ్చి నాలుగూ మార్చేస్తే మిషను నడవవచ్చు, కానీ జబ్బేమిటో తెలియదు. వచ్చే ఏడు అదే జబ్బు మళ్ళీ వస్తే మళ్ళీ నాలుగూ కొనాలి.

మొదట నిప్పు. ప్లగ్గు విప్పి, దాని వైరు తగిలించి, ప్లగ్గు ఒంటిని ఇంజను ఇనుముకు ఆనించి తాడు లాగితే నీలంగా రవ్వ కనిపించాలి. ఈ పరీక్ష పెట్రోలు వాసన లేనిచోట, ప్లగ్గు చిల్లుకు దూరంగా పట్టుకుని చెయ్యాలి. అయిదారు డాలర్లకు స్పార్కు టెస్టరు దొరుకుతుంది, అది ఇంకా మేలు. రవ్వ లేకపోతే వెంటనే కాయిలును తిట్టకండి. హ్యాండిలు దగ్గర పట్టుకునే కడ్డీ ఒకటి ఉంటుంది చూశారా, అది వదిలేస్తే 3 సెకన్లలో కత్తి ఆగిపోవాలని 1982 నుంచి అమెరికాలో చట్టం. చాలా మిషన్లలో ఆ కడ్డీ నుంచి వచ్చే కేబులే స్పార్కును ఆపుతుంది. ఆ కేబులు సాగి వదులైతే, మీరు కడ్డీ పట్టుకున్నా మిషను మాత్రం మీరు వదిలేశారనే అనుకుంటుంది. కేబులు బిగిస్తే చాలు. దీనికి ఖర్చు సున్నా.

కాయిలుకూ ఫ్లైవీలుకూ మధ్య సందు ఎంత ఉండాలో కూడా చెబుతాను. చాలా ఇంజన్లలో అంగుళంలో వందో వంతు. ఆ కొలతకు పనిముట్టు కొనక్కర్లేదు, మీ ఆఫీసు విజిటింగ్ కార్డు మందం దాదాపు అంతే. కార్డు మధ్యలో పెట్టి, కాయిలును అయస్కాంతానికి వదిలి, స్క్రూలు బిగించి, కార్డు లాగేస్తే సరి.

ఇప్పుడు తిండి. నా దగ్గరికి వచ్చే మిషన్లలో ఎక్కువ వాటి జబ్బు ఇక్కడే. ఇక్కడ బంకుల్లో దొరికే పెట్రోలులో సాధారణంగా 10 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. అక్టోబరులో చివరిసారి గడ్డి కోసి, ట్యాంకులో పెట్రోలు అలాగే వదిలేసి మిషను మూల పెడతాం. చలికాలమంతా కార్బ్యురేటరు గిన్నెలో నిలిచిన పెట్రోలు ఆవిరై, తేలిక భాగం పోయి, జిగురు మిగులుతుంది. నీరు అడుగుకు చేరి లోహాన్ని తినేస్తుంది, తెల్లటి పొడి పేరుకుంటుంది. పెట్రోలు వెళ్ళే జెట్టు చిల్లు గుండుసూది కంటే సన్నం. అది పూడుకుపోతే తాడు ఎంత లాగినా, ఎన్ని దండాలు పెట్టినా మిషను కదలదు.

దీనికి వైద్యం చూడండి. పెట్రోలు తీసేసి, గిన్నె అడుగున ఉన్న బోల్టు విప్పాలి. కొన్ని కార్బ్యురేటర్లలో ఆ బోల్టులోనే జెట్టు ఉంటుంది. క్లీనరు కొట్టి, పాత కరెంటు వైరులోంచి ఒక్క రాగి పోగు తీసి చిల్లులో దూర్చాలి. ఉక్కు తీగ వాడితే చిల్లు పెద్దదవుతుంది, రాగి మెత్తన కనుక హాని చెయ్యదు. గిన్నె తుడిచి, గాస్కెట్టు బాగుంటే అదే, లేకపోతే కొత్తది వేసి బిగించాలి. కొత్త పెట్రోలు పోసి తాడు లాగాలి. నూటికి డెబ్బయి అని లెక్కలు చెప్పను, నేను లెక్క రాసుకోలేదు. కానీ ఆ తాడు లాగినప్పుడు మిషను పలికితే తెచ్చినవాళ్ళ మొహం ఎలా ఉంటుందో మాత్రం బాగా తెలుసు.

మూడోది ఊపిరి. గాలి ఫిల్టరు మట్టితో నిండి ఉంటే మార్చండి. తాడు లాగుతున్నప్పుడు చేతికి బిగువు తెలియాలి. అసలు ఎదురే లేకపోతే వాల్వులో, రింగులో అరిగినట్టు. అప్పుడు మాత్రమే ఆ మిషను మీద పెట్టే డబ్బు గురించి ఆలోచించండి.

ఇంకో జబ్బు చెప్పి ముందుకు వెళతాను, ఎందుకంటే దాంట్లో ఒక అందం ఉంది. కోస్తూ కోస్తూ కత్తి ఏ చెట్టు వేరుకో, రాయికో తగిలి ఠక్కున ఆగిందనుకోండి. తరవాత మిషను స్టార్టు కాదు, లేదా తాడు చేతిని ఎదురు లాగుతుంది. జనం ఇంజను పోయిందనుకుంటారు. ఫ్లైవీలును ఇరుసుకు పట్టి ఉంచే చిన్న తాళపు ముక్క ఒకటి లోపల ఉంటుంది. చిటికెన వేలి గోరంత ఉంటుంది. దాన్ని కావాలనే మెత్తటి లోహంతో చేస్తారు. దెబ్బ తగిలినప్పుడు ముందు అది తెగాలి, ఖరీదైన ఇరుసు మిగలాలి. అది కొంచెం జరిగినా చాలు, నిప్పురవ్వ పడవలసిన క్షణం తప్పిపోతుంది. రెండు మూడు డాలర్ల ముక్క అది. దాన్ని మారిస్తే మిషను మామూలే. అయితే ఆ దెబ్బకు ఇరుసు వంగిపోయి ఉంటే మాత్రం ఆ మిషనుకు దండం పెట్టి వదిలెయ్యండి. వంగిన ఇరుసుతో తిరిగే కత్తి ప్రాణం తీస్తుంది.

జాగ్రత్తలు చెప్పకుండా ఈ పని గురించి మాట్లాడకూడదు. కత్తి జోలికి వెళ్ళేముందు ప్లగ్గు వైరు తీసి దూరంగా పెట్టండి. మిషనును పక్కకు వాల్చేటప్పుడు గాలి ఫిల్టరు పైకి ఉండాలి, లేకపోతే ఆయిలు దాంట్లోకి కారుతుంది. గరాజు తలుపు మూసి ఇంజను నడపకండి, ఆ పొగలో కార్బన్ మోనాక్సైడు ఉంటుంది, దానికి రంగూ లేదు, వాసనా లేదు. గరాజులో గ్యాసుతో నడిచే వాటర్ హీటరు ఉంటే పెట్రోలు పని బయటే చేసుకోండి. ఆకురాయితో కత్తి పదును పెట్టాక గోడకు కొట్టిన మేకు మీద మధ్య చిల్లుతో వేలాడదీసి చూడండి. ఒక పక్కకు వాలితే ఆ పక్క ఇంకొంచెం అరగదియ్యాలి.

ఇదంతా విన్నాక మీలో లెక్కలు వేసేవాళ్ళు ఒక ప్రశ్న అడుగుతారు. ‘గంటకు నాకొచ్చే జీతం ఎంత? ఆ గంట పెట్టి బాగుచేసేకంటే కొత్తది కొనుక్కోవడం లాభం కదా?’ ఆ లెక్క సరైనదే. డబ్బు కోసమే అయితే నేను మీకు ఈ పని సిఫారసు చెయ్యను. నా బాధ వేరే.

హెర్న్‌డన్‌లో, చుట్టుపక్కల ఊళ్ళలో మనవాళ్ళలో ఇంజనీరు పట్టా లేని ఇల్లు వెతకాలి. మెకానికల్ చదివినవాళ్ళూ ఉన్నారు. ఐసీ ఇంజన్ల పేపరులో డిస్టింక్షన్ వచ్చినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళే లాన్ మోవరు తెచ్చి నా గరాజు ముందు పెట్టి, ‘ఇది మనవల్ల అయ్యే పని కాదండీ’ అంటారు. పుస్తకంలో నాలుగు అడుగుల బొమ్మ గీసిన చెయ్యి ఆ నాలుగు అడుగులూ ఎదురుగా ఉన్నప్పుడు వెనక్కి వెళుతుంది. తెలివి లేక కాదు. చేతికి మసి అంటే పని మనది కాదని ఎక్కడో చిన్నప్పుడే మనకి ఎక్కింది. పనిముట్టు పట్టేవాళ్ళు ఒకరు, పుస్తకం పట్టేవాళ్ళు ఒకరు అని మన సమాజం మనుషుల్ని పుట్టుకతోనే విడదీసింది. కొలిమి దగ్గర కమ్మరికి తెలిసిన లోహశాస్త్రాన్ని విద్య అనలేదు. ఆయిలింజను శబ్దం విని వాల్వు సంగతి చెప్పగలిగిన మేస్త్రీని ఇంజనీరు అనలేదు. ఆ విడదీతను మనం సూటుకేసులో పెట్టుకుని సముద్రం దాటించాం.

ఒక మిత్రుడు నాతో అన్నాడు: ‘మా నాన్న పొలం అమ్మి నన్ను చదివించింది నా చేతికి మసి అంటకూడదనే కదండీ. మళ్ళీ నేను పానా పట్టుకుంటే ఆయన ఏమనుకుంటాడు?’ ఆ మాటను నేను తేలిగ్గా తీసుకోలేదు. కష్టం చేసి చేసి నడుము విరిగిన తండ్రులు తమ పిల్లలకు ఆ బతుకు వద్దనుకోవడం న్యాయమే. నేను చెప్పిన జవాబు ఇది. మీ నాన్నగారు మిమ్మల్ని తప్పించింది గత్యంతరం లేని చాకిరీ నుంచి. చేతిపని తెలియడం చాకిరీ కాదు. ఆ తెలివిడి ఆయనకు ఉంది, అందుకే ఆ ఇంజనుతో ఆ పొలం తడిసింది, ఆ పొలంతోనే మీ చదువు సాగింది. ఆయన దగ్గర ఉన్న రెండింటిలో కష్టాన్ని వదిలెయ్యమన్నాడు. మనం కష్టంతోపాటు తెలివిడిని కూడా వదిలేశాం.

చేతిపని నుంచే పైకొచ్చిన తెలుగువాడు ఒకాయన ఉన్నాడు. కోయంబత్తూరు జి.డి. నాయుడు గారు. 1893లో అక్కడి తెలుగు కుటుంబంలో పుట్టాడు. బడి చదువు పెద్దగా సాగలేదు. ఒక దొర దగ్గర మోటారు సైకిలు చూసి, హోటల్లో పనిచేసి డబ్బు కూడబెట్టి దాన్ని కొన్నాడనీ, కొన్నాక పూర్తిగా విప్పి మళ్ళీ బిగించాడనీ ఆయన జీవితం రాసినవాళ్ళందరూ చెబుతారు. 1920లో ఒక్క బస్సుతో మొదలుపెట్టి పెద్ద రవాణా సంస్థ కట్టాడు. 1937లో భారతదేశంలో తయారైన తొలి విద్యుత్ మోటారు వెనక ఆయన చెయ్యి ఉంది. మొదటి పాఠం మాత్రం ఆ విప్పిన మోటారు సైకిలే.

అమెరికావాళ్ళకి ఈ గౌరవం ఇంకా కొంత మిగిలి ఉంది. హెర్న్‌డన్‌లోనే ఫ్రయింగ్ పాన్ ఫార్మ్ పార్కు ఉంది, మీలో చాలామంది పిల్లలకి దూడల్ని, మేకల్ని చూపించడానికి వెళ్ళే ఉంటారు. 1920 నుంచి 1950 దాకా ఈ ప్రాంతంలో వ్యవసాయం ఎలా సాగిందో అక్కడ చూపిస్తారు. ఈసారి వెళ్ళినప్పుడు మోఫెట్ వారి కమ్మరి కొలిమి కూడా చూడండి. అది ఒకప్పుడు హెర్న్‌డన్ ఊళ్ళో ఉండేది. దాన్ని పారెయ్యకుండా అక్కడికి తరలించి నిలబెట్టుకున్నారు. ఊరి కమ్మరి పనిచేసిన చోటు కూడా చరిత్రేనని వాళ్ళు అనుకున్నారు.

‘పెట్రోలు ఇంజన్ల కాలమే అయిపోతోంది కదా, ఇప్పుడు ఇది నేర్చుకుని ఏం లాభం?’ అని అడిగేవాళ్ళూ ఉన్నారు. నిజమే. పెట్రోలుతో ఆకులూదే మిషన్లను వాషింగ్టన్ నగరం 2022 జనవరి నుంచి నిషేధించింది. పక్కనే మేరీలాండ్‌లో మాంట్‌గోమరీ కౌంటీలో 2025 జూలై నుంచి వాటిని వాడకూడదు. కాలిఫోర్నియాలో 2024 నుంచి కొత్తగా తయారయ్యే లాన్ మోవర్లు పొగ లేనివై ఉండాలి. అమెరికాలో పెట్రోలు లాన్ మోవర్ల తయారీని హోండా 2023లో ఆపేసింది. నాకు దీని మీద ఫిర్యాదు లేదు. పొగా తగ్గుతుంది, చప్పుడూ తగ్గుతుంది. బ్యాటరీ మిషను మంచిదే.

అయితే బ్యాటరీ మిషను కూడా ఒక రోజు ఆగుతుంది. అప్పుడు ఏం చేస్తాం? ఆగింది బ్యాటరీయా, స్విచ్చా, లోపలి సర్క్యూటా, మోటారా అని వరసగా చూసే అలవాటు ఉన్నవాడు ఒక దారి పడతాడు. లేనివాడు మొత్తం తీసుకెళ్ళి రోడ్డు పక్కన పెడతాడు. విప్పడానికి వీల్లేకుండా అతికించిన వస్తువులు పెరుగుతున్న రోజులివి. కొలరాడో రాష్ట్రం 2023లో రైతులు తమ యంత్రాలను తామే బాగుచేసుకునే హక్కు కోసం చట్టం చేసింది, అది 2024 జనవరి నుంచి అమలులోకి వచ్చింది. సొంత ట్రాక్టరు విప్పడానికి రైతుకు చట్టం కావలసి వచ్చిందంటే ఆలోచించండి. హక్కు ఉన్నా చెయ్యి రాకపోతే ఆ హక్కు కాగితం మీదే ఉంటుంది.

మొన్నొక శనివారం ఒకాయన మిషనుతోపాటు ఎనిమిదో క్లాసు చదివే కొడుకును కూడా తెచ్చాడు. ఫోనులోంచి తల ఎత్తని పిల్లవాడు. కార్బ్యురేటరు బోల్టు వాడి చేతికిచ్చి, ‘దీన్ని కిటికీకేసి పెట్టి చూడు, వెలుతురు కనిపిస్తోందా?’ అన్నాను. కనిపించలేదు. రాగి పోగు ఇచ్చాను. అయిదు నిమిషాలు కుస్తీ పట్టి మళ్ళీ పైకెత్తి చూశాడు. ‘అంకుల్, ఈ చిన్న చిల్లు వల్లేనా ఇంత పెద్ద మిషను ఆగిపోయింది?’ అన్నాడు. ఆ తరవాత తాడు వాడే లాగాడు. వాళ్ళ నాన్న రెండడుగులు వెనక నిలబడి చూస్తున్నాడు. ఆయన చేతులు శుభ్రంగా ఉన్నాయి. కాసేపటికి ఆయనే వచ్చి, ‘ఆ పానా ఇలా ఇవ్వండి, గిన్నె నేను బిగిస్తాను’ అన్నాడు.

చివరిగా మూడు పనులు చెప్పి ముగిస్తాను. ఒకటి, ఈ అక్టోబరులో ఆఖరిసారి గడ్డి కోశాక ట్యాంకు ఖాళీ చేసి, ఇంజను దానంతట అది ఆగేదాకా నడపండి. ఈ ఒక్క పని చేస్తే వచ్చే ఏప్రిల్లో నా దగ్గరికి రానక్కర్లేదు. రెండు, ఏ మిషనైనా ఆగితే పారేసే ముందు నిప్పు, తిండి, ఊపిరి వరసగా చూడండి. మూడు, చూసేటప్పుడు పక్కన మీ అమ్మాయినో అబ్బాయినో నిలబెట్టుకోండి, టార్చిలైటు పట్టుకోవడానికి కాదు, బోల్టు విప్పడానికి.

హెర్న్‌డన్ దగ్గర ఉన్నవాళ్ళకి శనివారం మా గరాజు తలుపు తెరిచే ఉంటుంది. మిషను తెచ్చుకోండి, పాత చొక్కా వేసుకుని రండి. టీ మా ఇంట్లో ఇస్తాం. విప్పేది మాత్రం మీరే.